డ్యూకుగారి కూతుర్ని చెల్లెలికిచ్చేసిన ప్రూఫు

నేను ప్రెస్సులో చేరినప్పుడు సీసపు అక్షరాలు ఏరి పేర్చేదాన్ని. రిటైరయ్యే నాటికి కంప్యూటరు ముందు కూర్చుని పేజీలు కడుతున్నాను. మధ్యలో ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. యాంగోన్‌లో అంటే రంగూన్‌లో మన తెలుగువాళ్ళ పెళ్ళికార్డుల్లో చాలామటుకు నా చేతి మీదుగా వెళ్ళినవే. చర్చి పాటల పుస్తకాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, మందు సీసాల మీద అంటించే చీటీలు, ఏది చేసినా నాకు పెద్దగా తలనొప్పి రాలేదు. నన్ను ఏడిపించింది ఇటలీలో ఎప్పుడో అంతరించిపోయిన ఒక రాజ్యం తాలూకు రాజకుటుంబం.

నవ్వొస్తే నవ్వండి పిల్లలూ. తెలుగు చదవడం రానివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకుని మరీ నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఆ ఇటలీ పేర్లు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా ప్రెస్సు ఊరి మధ్యలో ఒక ఇరుకు వీధిలో ఉండేది. యజమాని బర్మా ఆయన. అందరం ఊలే అనేవాళ్ళం, అంటే మన బాబాయి అన్నట్టు. ప్రూఫులు దిద్దేది మన తెలుగాయనే. ఆయన తాతలు విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడ పప్పుల కొట్టు పెట్టారు. మా తాతలు కూడా ఆ వైపు నుంచే వచ్చారు గాని, బియ్యం మిల్లులో కూలికి. వాళ్ళు గుడికి వెళతారు, మేం బాప్టిస్టులం. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. పక్క పక్క బల్లల మీద ఇరవై ఏళ్ళు పనిచేశాం కాబట్టి ఆయన నన్ను అప్పా, అంటే అక్కా, అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. ఆ వరస ప్రకారం ఆయన కూతురికి నేను మేనత్తనయ్యాను.

మా ప్రూఫు తమ్ముడి సంగతి కొంచెం చెప్పాలి. చేతిలో ఎర్ర పెన్ను ఉంటుంది. తప్పు దొరకని రోజున ఆయనకి అన్నం సయించదు. ఇంగ్లీషు, బర్మీస్, తెలుగు, మూడింట్లోనూ తప్పు పట్టగలడు. పట్టినా పట్టకపోయినా ముందు కొట్టేస్తాడు. ప్రూఫు దిద్దేవాళ్ళకి ఒక గుర్తుంది. పొరపాటున మంచి మాటను కొట్టేస్తే, దాని కింద వరసగా చుక్కలు పెడతారు. కొట్టేశాను గాని ఉంచెయ్యండి, తప్పు నాదే అని దానర్థం. ఇరవై ఏళ్ళలో మా తమ్ముడు అలా చుక్కలు పెట్టగా నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయనకి ఒక్కతే కూతురు. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో పని. ఫ్యాక్టరీ వాళ్ళు పంపే ఫెర్రీ బస్సులో వెళ్ళి వస్తుంది. ఆ బస్సులోనే వచ్చే ఒక తెలుగు అబ్బాయి, మింగళాడోన్ వైపు వాడు, ఆ పిల్లని ఇష్టపడ్డాడు. ఆ పిల్లా ఇష్టపడింది. తాగుడు లేదు, తిరుగుడు లేదు, ఉద్యోగం ఉంది. అన్నిటికీ మించి తెలుగువాడు. ఈ ఊళ్ళో తెలుగు సంబంధం దొరకడమే గగనమైపోయిన రోజుల్లో ఏ తండ్రైనా ఎగిరి గంతెయ్యాలి. కానీ ఆ అబ్బాయి ఇంటిపేరూ మా తమ్ముడి ఇంటిపేరూ ఒకటే. వాళ్ళది గంజాం వైపు, వీళ్ళది విశాఖ వైపు. ఎవరికెవరూ ఏమీ కారు. అయినా మా తమ్ముడు రెండేళ్ళుగా ఒకే మాట మీద ఉన్నాడు.

"ఒకే ఇంటిపేరంటే అన్నాసెల్లెళ్ళప్పా. నాను ఒప్పుకోను. నా కూతురు అలాగుండిపోయినా సరే."

ఆ పిల్ల ఒక ఆదివారం తాకేటాలో మా ఇంటికి వచ్చింది. "అత్తా, ఫేఫే మీ మాట వింటారు, మీరు చెప్పండి" అంది. ఫేఫే అంటే బర్మీస్‌లో నాన్న. ఇంకో ఏడాది చూస్తాననీ, తరవాత అబ్బాయి వాళ్ళ అక్క దగ్గరికి మలేషియా వెళ్ళిపోతాడనీ చెప్పింది. "నా రిజిస్ట్రేషన్ కార్డులో ఇంటిపేరే లేదు అత్తా. ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఆ పేరు ఫేఫే ఒక్కరికే కనిపిస్తాది" అంది.

నేనేం చేశాను? పెద్దరికం వెలగబెట్టాను. "మీ నాన్న సెప్పిందీ నిజమే గదమ్మా" అన్నాను. ఆ పిల్ల టీ తాగకుండా వెళ్ళిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇటలీ ఆయన మా ప్రెస్సు మెట్లెక్కాడు. ఎప్పుడో వంతెనల పని మీద ఇక్కడికి వచ్చి, బర్మా ఆవిడని పెళ్ళి చేసుకుని ఉండిపోయిన మనిషి. డెబ్బై దాటాయి. బర్మీస్ గలగలా మాట్లాడతాడు, అదీ వీధి చివరికి వినబడేలా. చంకలో ఒక లావుపాటి కట్ట. తమ వంశ చరిత్ర ఇంగ్లీషులో రాసుకొచ్చాడు. యాభై కాపీలు వెయ్యాలి, చివర మడత పెట్టిన పెద్ద కాగితం మీద వంశవృక్షం ఉండాలి. మూడు నెలల్లో ఇటలీలో వాళ్ళ పాత ఊళ్ళో ఆ వంశంవాళ్ళందరూ కలుస్తున్నారట. అక్కడ అందరికీ పంచాలట.

వంశవృక్షం అంటే ఏముంది, గీతలూ పేర్లూ అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ వంశంలో ఎవరికీ కొత్త పేరు పెట్టుకునే అలవాటు లేదు. తాత పేరే మనవడికి, ఆ మనవడి అన్న కొడుక్కి, పక్క కొమ్మలో ముగ్గురికి. తేడా కోసం పక్కన అంకెలు. మూడో ఆయన, నాలుగో ఆయన, మళ్ళీ వేరే కొమ్మలో ఇంకో మూడో ఆయన. చిన్నప్పుడే పోయిన పిల్లాడి పేరు తరవాత పుట్టినవాడికి పెట్టేవారు, కాబట్టి ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు అన్నదమ్ములు. నేను ఒక పేరు సరిచేస్తే ఇంకో ముగ్గురి తేదీలు చెదిరేవి. అంతలో కరెంటు పోయేది. జనరేటరు వేసేసరికి చేసినదంతా ఎగిరిపోయేది. ఊలే మాత్రం కుర్చీలో కూర్చుని, "అమా, రాజుల పని కదా, నిదానంగా చెయ్యి" అనేవాడు. అమా అంటే అక్క. ఆ నిదానం ఏదో ఆయన చేసి చూపించాల్సింది.

కథ మాత్రం అర్థమైంది. మూలపురుషుడు కిరాయి సైన్యం నడిపిన సేనాని. నది ఒడ్డున ఒక చిన్న ఊరిని పట్టుకుని అదే తన రాజ్యం అన్నాడు. అతని సంతతి కొన్ని తరాలకి డ్యూకులయ్యారు. ఆఖరి పెద్ద డ్యూకుకి ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లెలు. చెల్లెల్ని వేరే ఊరి ప్రభువుకిచ్చి పంపేశారు. డ్యూకుకి మగపిల్లలు లేరు, ఒక్క కూతురు. ఆయన పోతే ఊరు ఎవరికి? నడిమి తమ్ముడి కొడుకులు, మగవాళ్ళలో తరవాతి వరస మాదే కాబట్టి ఊరు మాదే అన్నారు. ఆఖరి తమ్ముడి కొడుకు మాట్లాడకుండా వెళ్ళి డ్యూకుగారి కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. దానికి పోపుగారి ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. కూతురి హక్కు మీద ఊరు చిన్న కొమ్మకి వచ్చింది. నడిమి కొమ్మ వాళ్ళు దొంగలు, దొంగలు అని యుద్ధానికి దిగారు. ఊరు సగం కాలిపోయింది.

మన ఇటలీ ఆయనది చిన్న కొమ్మ. నడిమి కొమ్మ వాళ్ళు ఇంకా ఉన్నారు, ఇంకా ఉత్తరాలు రాస్తారు, ఇంకా దొంగలనే అంటారు. ఆ కోట ఇప్పుడు మ్యూజియం. టిక్కెట్టు కొంటే ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. లేని సింహాసనం కోసం ఈ వయసులో ఆ కొట్లాట ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"సింహాసనం నాకెందుకమ్మా? నన్ను దొంగ సంతానం అనకుండా ఉంటే చాలు. నా కూతుర్ని కూడా తీసుకెళుతున్నాను. దాని ముఖం మీద అనకుండా ఉంటే చాలు" అన్నాడు. నేను మళ్ళీ గీతల్లో పడ్డాను.

మా తమ్ముడికి మాత్రం ఆ వంశం పండగలా దొరికింది. ఒకచోట బిషపుగారికి నలుగురు మేనల్లుళ్ళని రాసి ఉంది. తమ్ముడు పక్కన ఎర్రగా రాశాడు: ఈయనకి తోడబుట్టినవాళ్ళే లేరు, మేనల్లుళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? ఆ ప్రూఫు చూసి ఇటలీ ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. వాళ్ళు బిషపుగారి సొంత కొడుకులేనట, లోకం కోసం మేనల్లుళ్ళని చెప్పుకున్నారట. "మా చరిత్రకారులు ఇంతకాలం పట్టనిది యాంగోన్‌లో మీరు పట్టారు" అని మా తమ్ముడి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ పొగడ్తే మా కొంప ముంచింది. ఆ రోజు నుంచి తమ్ముడు ఆ వంశానికి తానే పెద్ద దిక్కు అన్నట్టు తయారయ్యాడు.

ఆఖరి ప్రూఫు మీద ఇటలీ ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఇక ముట్టుకోకూడదు. ఇది ప్రెస్సులో మొదటి రోజు నేర్పే సంగతి. కానీ మా తమ్ముడు ఆఖరిసారి ఒక్కసారి చూస్తానన్నాడు. చూశాడు. వంశవృక్షంలో ఒక గీత, పుస్తకంలో ఒక మాట దిద్ది నా బల్ల మీద పెట్టాడు. "ఇది టైపు తప్పప్పా, మార్సీ" అన్నాడు.

నేను చూశాను. పిల్లలూ, దేవుడి మీద ఒట్టు, నేను కళ్ళు తెరుచుకునే చూశాను. పెళ్ళికొడుకు చిన్న తమ్ముడి కొడుకు. తమ్ముడు దిద్దినదాని ప్రకారం పెళ్ళికూతురు అతనికి ఏమవుతుంది? తండ్రి చెల్లెలి కూతురు. మేనత్త కూతురు, మరదలు. సరిగ్గానే ఉంది కదా అనిపించింది. గీతని అర అంగుళం పక్కకి జరిపాను, డ్యూకుగారి కింద నుంచి ఆయన చెల్లెలి కిందకి. లోపల పేజీలో 'తండ్రి అన్న' అని ఉన్న ఇంగ్లీషు మాటని 'తండ్రి చెల్లెలు' అని మార్చాను. యాభై కాపీలు వేశాం, కుట్టాం, అట్టలు వేశాం, పెట్టెలో కట్టి ఇంటికి పంపాం. బయల్దేరే ముందు సామాను సర్దుకునే హడావిడిలో ఆయన పెట్టె విప్పలేదు.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. మింగళాడోన్ విమానాశ్రయం నుంచి ఇటలీ ఆయన. విమానం మధ్యాహ్నానికి గాని లేదు, ఆయన తెల్లారేసరికే వెళ్ళి కూర్చున్నాడు. కూర్చుని పుస్తకం విప్పాడు. ఊలే ఫోను చెవికి అరచెయ్యంత దూరంలో పెట్టుకుని విన్నాడు. బర్మీసూ ఇటాలియనూ కలిపి వచ్చిన ఆ కేకల్లో నాకు ఒక్క ముక్క స్పష్టంగా వినబడింది. "ఆ అమ్మాయి చెల్లెలి కూతురైతే ఆ ఊరు మాది కాదు! నేను దొంగనే! నా పుస్తకంలోనే నన్ను దొంగని చేశారు!"

అప్పుడు వెలిగింది నాకు. చెల్లెలు వేరే ఇంటికి వెళ్ళిపోయింది, ఆమె కూతురు వేరే వంశం పిల్ల. ఆ పిల్లకి ఊరి మీద ఏ హక్కూ లేదు. నడిమి కొమ్మ వాళ్ళు తరతరాలుగా ఏ అబద్ధం కోసం వెతుకుతున్నారో అది మేం యాభై కాపీలు అచ్చేసి, అట్ట కట్టి ఇచ్చాం.

ఊలే కాగితాలు తీయించి చూశాడు. "ఇది ఎవరు మార్చారు?"

"నానే" అన్నాడు తమ్ముడు. తరవాత బర్మీస్‌లో చెప్పాడు. "అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్ళు కదండీ. వాళ్ళకి పెళ్ళెలా చేస్తారు? టైపు తప్పనుకున్నాను."

ఊలే అయోమయంగా చూశాడు. "దానికేం? మా పాత రాజులు తండ్రి ఒకరే, తల్లులు వేరైన చెల్లెళ్ళని చేసుకున్నారు. రాజుల పెళ్ళి నువ్వెవరు సరిచెయ్యడానికి?" అని నా వైపు తిరిగాడు. "అమా, నువ్వు చూడలేదా?"

చూశానని చెప్పాను. చూస్తే సరిగ్గా ఉన్నట్టు కనబడిందని చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. ఇద్దరు తెలుగువాళ్ళని ఒకే బల్ల దగ్గర పెట్టడం నాదే తప్పు అన్నాడు. ఆ మాటకి కోపం రావాలి గాని రాలేదు, నిజం కాబట్టి.

మళ్ళీ అచ్చేసే వ్యవధి లేదు. తప్పు ఉన్న చోటు వరకే రెండు చిన్న చీటీలు వేసి పైన అంటించాలి. కరెంటు లేదు. జనరేటరు మొరాయించి, నాలుగోసారికి అందుకుంది. చీటీలు కత్తిరించే టైము కూడా లేక అచ్చైన పెద్ద కాగితాలుగానే సంచిలో పడేసుకుని, గమ్ము సీసాలు, రెండు కత్తెరలు పట్టుకుని టాక్సీ ఎక్కాం. దారిపొడుగునా ట్రాఫిక్. నేను టాక్సీ వెనక సీట్లో కూర్చుని చీటీలు కత్తిరించాను. తమ్ముడు పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"సూస్తా కూకుంటావేటి? నువ్వు సేసిన పనికే గదా ఈ ఉరుకులు. కత్తెర పట్టు" అన్నాను.

పట్టాడు.

విమానాశ్రయం ముందు మేం దిగేసరికి ఇటలీ ఆయన సామాను బండి తోసుకుంటూ బయటికి వచ్చాడు. పక్కన ఆయన కూతురు, తల్లి పోలికే, బుగ్గల మీద బర్మా ఆడవాళ్ళలాగే తనకా చెక్క గంధం రాసుకుంది. ఆయన ముఖం ఎర్రగా ఉంది గాని అరవలేదు. అరవకపోయేసరికి నాకు ఇంకా సిగ్గేసింది. తలుపుల పక్కన నేల మీదే కూర్చున్నాం. ఆ అమ్మాయి పుస్తకాలు విప్పి ఇస్తోంది, నేను గమ్ము రాస్తున్నాను, తమ్ముడు చీటీ అంటిస్తున్నాడు. గీత గీతతో కలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా డ్యూకుగారి కూతురు గాలిలో వేలాడుతుంది. వచ్చేపోయే జనం వింతగా చూస్తున్నారు. ఒక కాపలావాడు వచ్చి ఏం చేస్తున్నారని గద్దించాడు.

మా తమ్ముడు తల ఎత్తకుండా, "ఒక పెళ్ళి సరిచేస్తున్నాం" అన్నాడు.

కాపలావాడికి ఏం అర్థమైందో, ఇంకో రెండు అడుగులు గోడ వైపు జరగమని చెప్పి వెళ్ళిపోయాడు.

పాతిక పుస్తకాలు అయ్యాక తమ్ముడు ఉండబట్టలేక అడిగేశాడు. "అయ్యా, తప్పుగా అనుకోవద్దు. అంత పెద్ద కుటుంబం. సొంత పెదనాన్న కూతురంటే చెల్లెలు కదా. మీవాళ్ళకి ఏమీ అనిపించలేదా?"

ఇటలీ ఆయన వంశవృక్షం మీద వేలు పెట్టాడు. "అనిపించే ఉంటుంది. లేకపోతే పోపుగారి దాకా ఎందుకు వెళతారు? కానీ వాళ్ళు పెళ్ళికి ముందు ఒకరినొకరు చూసుకుంది ఒక్కసారేనట. ఇతను పెరిగింది కొండ మీద కోటలో, ఆమె నది ఒడ్డున. ఇద్దరికీ కలిసింది ఇంటిపేరు ఒక్కటే. పేరు ఒకటైతే చెల్లెలైపోతుందా?"

తమ్ముడు చీటీ అంటించడం ఆపేశాడు.

ఆయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "మా ఆవిడకి అసలు ఇంటిపేరే లేదు. బర్మావాళ్ళెవరికీ ఉండదు కదా. పిల్లనిమ్మని వెళ్ళి అడిగినప్పుడు వాళ్ళ నాన్న నా వంశం అడగలేదు. అమ్మాయిని బాగా చూసుకుంటావా అని ఒక్కటే అడిగాడు. మా వంశంలో అన్ని పేర్లున్నాయి, ఆ ఒక్క ప్రశ్న అడిగినవాడు ఒక్కడు లేడు. అడిగి ఉంటే ఊరు కాలేది కాదు."

గమ్ము ఆరిపోతోందని నేను మోచేత్తో పొడిచాను. తమ్ముడు మళ్ళీ అంటించడం మొదలుపెట్టాడు. యాభయ్యో పుస్తకం అయ్యేసరికి వాళ్ళు లోపలికి వెళ్ళాల్సిన టైము. ఇటలీ ఆయన ఒక కాపీ తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "వాళ్ళకి నలభై తొమ్మిది చాలు. ఇది మీకు. మా ఇంటి బిషపుగారిని పట్టుకున్నందుకు" అన్నాడు. ఆయన కూతురు వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

తిరుగు ప్రయాణంలో బస్సెక్కాం. సీట్లు దొరికాయి. తమ్ముడు పుస్తకం విప్పి ఆ చీటీనే చూస్తున్నాడు. చాలా దూరం వచ్చాక అన్నాడు.

"అప్పా, అది టైపు తప్పు కాదని నాకు తెల్సు."

"ఏటన్నావు?"

"తెల్సప్పా. మూడుసార్లు సదివినాను. కింద పోపుగారి సంగతి ఉంది గదేటి. తప్పు కాదని తెల్సు. సూడలేకపోనాను. నా పిల్లని రెండేళ్ళు ఏడిపించి, ఇంకొకరి పిల్లకి అదే పెళ్ళి సేసినట్టు అచ్చెయ్యలేకపోనాను. అందుకే మార్సీసినాను."

నాకు కోపం బుసబుస పొంగింది. ఒక మనిషి తన ఇంటి మొండితనాన్ని ఇటలీ దాకా మోసుకెళ్ళి డ్యూకుగారి మీద రుద్దాడంటే ఏమనాలి? అనబోయి ఆగిపోయాను. ఆ ప్రూఫు చూసి సరిగ్గానే ఉందన్నది నేను. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు మీ నాన్న చెప్పిందీ నిజమే అన్నదీ నేనే. ఆయన ఎర్ర పెన్నుతో చేసిన పని నేను నోటితో చేశాను.

"తమ్ముడూ, నానొకటి సెప్తాను, కోపం తెచ్చుకోకు" అన్నాను. "నీ పిల్ల మా ఇంటికొచ్చింది. నీతో సెప్పమంది. నాను సెప్పలేదు. ఇప్పుడు సెప్తన్నాను. ఆ అబ్బాయి మలేషియా ఎల్లిపోతాడట. తరవాత నువ్వు చుక్కలు పెట్టినా దిద్దడానికి కాయితం ఉండదు."

ఆయన బస్సు దిగాక పుస్తకం చంకలో పెట్టుకుని తన దారిన వెళ్ళిపోయాడు. మర్నాడు పనిలోకి వచ్చాడు. ఆ సంగతి ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. నాకు పిచ్చెక్కిపోయింది. ఊలే మీద అరిచాను, జనరేటరు మీద అరిచాను, ఆఖరికి నన్ను ఇంటికి పంపేశారు.

కొన్నాళ్ళకి ఇటలీ నుంచి ఫోనొచ్చింది. నడిమి కొమ్మ వాళ్ళు పుస్తకం తిరగేసి, చీటీ అంటించి ఉండటం చూసి, ఇక్కడేదో దాచారని గోళ్ళతో గీకి చూశారట. గమ్ము మాత్రం గట్టిది. ఊడలేదట. ఆయన పగలబడి నవ్వుతూ చెప్పాడు. ఆయన కూతురు నడిమి కొమ్మ పిల్లలతో కోట గోడ ఎక్కి ఫొటోలు తీయించుకుందట. నాకు నవ్వు రాలేదు. మా బల్ల దగ్గరి లెక్క ఇంకా తేలలేదు.

ఉద్యోగంలో నా ఆఖరి నెలలో ఒక రోజు తమ్ముడు చేత్తో రాసిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టి, టీ తాగొస్తానని బయటికి పోయాడు. పెళ్ళికార్డు. మూడు భాషల్లోనూ వెయ్యమని. పెళ్ళికూతురి ఇంటిపేరు, పేరు. పెళ్ళికొడుకు ఇంటిపేరు, పేరు. రెండు ఇంటిపేర్లూ ఒకటే. పేజీ కట్టాను. ప్రూఫు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. అలవాటు ప్రకారం ఎవరి పనైనా ఆయన దిద్దాలి, ఆయన కూతురి పెళ్ళైనా సరే.

టీ తాగి వచ్చాడు. కూర్చున్నాడు. ఎర్ర పెన్ను తీశాడు. నేను నా స్క్రీన్ వైపే చూస్తున్నట్టు నటించాను. ఎంతసేపటికీ కాగితం రాలేదు. ఆఖరికి లేచి వచ్చి, నా కీబోర్డు పక్కన బోర్లా పెట్టి వెళ్ళిపోయాడు.

తిప్పి చూశాను. ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పు, దిద్దాడు. బర్మీస్‌లో తప్పు లేదు. తెలుగులో పెళ్ళికొడుకు ఇంటిపేరు మీద ఎర్రగా, అడ్డంగా, గట్టిగా ఒక కొట్టివేత. నా ప్రాణం ఉసూరుమంది. అంతలో కాగితం వెలుగులోకి పెట్టి చూశాను.

ఇంటిపేరు కింద, ఒక్కో అక్షరం కింద ఒక్కో చుక్క. వరసగా పెట్టాడు. ఆఖరి చుక్క దగ్గర పెన్ను అంత గట్టిగా నొక్కాడు, కాగితం చిల్లు పడింది.